సాపు ప్రతిలో లేని పేజీ

మొన్న పొద్దున్న తెలీబంధా చెరువు గట్టు మీద నడుస్తుంటే, పూడిక తీసే కూలీ ఒకతను పారను మట్టిలో గుచ్చేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. అంతే, అందులో ఏమీ లేదు. నేను మాత్రం పక్కనున్న బెంచీ మీద కూలబడిపోయాను. వెంట ఉన్న మా కోడలు బీపీ అనుకుని కంగారుపడింది. బీపీ కాదమ్మా, నేను చేసిన పాపం, అని ఆ పిల్లకి ఏమని చెప్పను?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మావారికి రైల్వేలో బదిలీ అయి విజయనగరం నుంచి రాయపూర్ వచ్చినప్పుడు, ఈ చెరువుకి రెండు వీధుల అవతల అద్దెకి దిగాం. పక్క వాటాలో ఒక పాలమూరు తాతగారు ఉండేవారు. కొడుకు సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. తాతగారు ఒకప్పుడు పాలమూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. బజారుకెళ్తే హిందీ, పనిమనిషితో ఛత్తీస్‌గఢీ, రోజంతా నాలుక మడతపడి ఇంటికొచ్చిన నాకు, ఆయన గుమ్మంలోంచి “తిన్నవా బిడ్డా?” అంటే, యాస వేరైనా సరే, ప్రాణం లేచొచ్చేది.

ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. ఆ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసి కెనడా వెళ్ళిపోయిన తెల్ల డాక్టరమ్మ, తను పుట్టిన ఊరి కథ చెబుతుంటే రాసుకున్నది. యూరప్‌లో విస్తులా నది సముద్రంలో కలిసేచోట చిన్న పల్లె. దాని పేరు నాకు ఈనాటికీ నోరు తిరగదు. ఊరంతా మెనోనైట్లు, అంటే కత్తి పట్టం, ఒట్టు వేయం అనే క్రైస్తవులట. వందల ఏళ్ళ కిందట ఆ మాట అన్నందుకే హాలెండు నుంచి తరిమేస్తే, ఎవరికీ అక్కరలేని బురదనేల వాళ్ళకిచ్చారు. వాళ్ళు కాలవలు తవ్వి, గాలిమరలతో నీళ్ళు తోడి, నదికి కరకట్ట కట్టి, ఆ బురదలో గోధుమ పండించారు. కట్టలో ఇంటికింత అని వంతు. తన వంతు ఇక కాయలేనన్నవాడు దానిమీద పార గుచ్చి, బండి ఎక్కి ఊరు విడిచి వెళ్ళిపోవాలి. ఆ పార పీకినవాడిదే ఆ పొలం, ఆ కట్ట బాధ్యతా. నాకు ఎంత నచ్చిందో ఈ సంగతి, మావారికి అన్నం వడ్డిస్తూ రెండుసార్లు చెప్పాను.

తాతగారికి చేతులు వణికేవి. “నీ రాత ముత్యాల లెక్క ఉంటది బిడ్డా, జరా సాఫ్‌గ రాసియ్యరాదు? ఆమె కండ్లు మూయకముందే పంపాలె” అన్నారు. పొగిడితే ఉబ్బిపోయే రకాన్ని నేను, వెంటనే ఒప్పుకున్నాను. మధ్యాహ్నాలు వంటిల్లు సర్దేసుకుని, నెలరోజులు కూర్చుని రాశాను.

చివరికి వస్తుండగా ఆ పేజీ తగిలింది. రెండో ప్రపంచయుద్ధం నాటికి ఆ ఊరి కుర్రాళ్ళే హిట్లర్ సైన్యంలో చేరి తుపాకులు పట్టారు. దగ్గర్లోని నాజీల నిర్బంధ శిబిరం నుంచి ఖైదీలను తెచ్చి పొలాల్లో పని చేయించుకున్నారు, డాక్టరమ్మ నాన్న కూడా అంతే. ఒక ఖైదీ ఆడమనిషి పందుల తొట్టిలోంచి బంగాళాదుంప తొక్కలు తీసుకుని తింటుంటే, ఎనిమిదేళ్ళ డాక్టరమ్మ చూసి, పరిగెత్తుకెళ్ళి నాన్నకి చెప్పింది. మర్నాటి నుంచి ఆ మనిషి పనికి రాలేదు.

నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఏమనుకున్నానో చెప్పనా? అంత సేవ చేసిన తల్లి కథలో చివర ఈ మచ్చ ఎందుకు, తాతగారు పెద్దవాడై తెలియక రాశారు, అనుకున్నాను. పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు ఇంట్లో సంగతులు కప్పిపుచ్చే అలవాటు కదా మనకి. ఆ పేజీ వదిలేసి, ఊరివాళ్ళు చల్లగా కెనడా చేరారని ఒక వాక్యం సొంతంగా అతికించాను. పండరీ బజారులో బట్టల కొట్ల మధ్యనున్న జిరాక్సు షాపులో కాపీ తీయించి, అట్ట వేయించి, తాతగారి చేతిలో పెట్టాను. చూపు ఆనని ఆయన ఆ అట్ట నిమిరి, కళ్ళకద్దుకుని, పోస్టు చేయించారు.

రెండు నెలలకి డాక్టరమ్మ తెలుగులో, వంకర అక్షరాలతో ఉత్తరం రాసింది. నేనే చదివి వినిపించాలి. మా వాళ్ళెవరూ మా భాషలో ఆ మాట రాయనివ్వరు, కనీసం మీ భాషలోనైనా ఉంటుందని నీకు చెప్పాను, నువ్వు కూడా దాచేశావా, అని ఉంది అందులో.

తాతగారు ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడత పెట్టారు. తర్వాత, “నా మతి పాడైంది బిడ్డా. రాసిననే అనుకున్న” అన్నారు.

అప్పుడు చెప్పాల్సింది. నోటుబుక్కు మా ఇంట్లో, బియ్యం డబ్బా పక్కనే ఉంది. ఇంతకాలం పొగిడిన మనిషి ముందు తలవంపులు పడలేక, నోటుబుక్కు ఎక్కడ పెట్టానో వెతుకుతాను తాతగారూ, అన్నాను. తర్వాత అడిగిన ప్రతిసారీ అదే మాట.

మళ్ళీ రాసి పంపుదామని ఆయన ఆరాటపడుతుండగానే డాక్టరమ్మ పోయిందని కబురొచ్చింది. ఆ తర్వాత తాతగారు చర్చిలో యేసు గుర్తుగా ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం మానేశారు. ఆయనదీ డాక్టరమ్మ సంఘమే, వాళ్ళలో ఎవరికైనా అన్యాయం చేస్తే, సరిదిద్దుకోకుండా ఆ రొట్టె పెట్టే బల్ల దగ్గరకి పోకూడదట. ఎవరితో సరిదిద్దుకోవాలో ఆ మనిషే లేదు. ఆదివారం అందరూ లేచి ముందుకి వెళ్తుంటే ఈయన ఒక్కరే బెంచీలో కూర్చుండిపోతారని కొడుకు మా గుమ్మంలో నిలబడి చెప్పి బాధపడ్డాడు. కాఫీ తాగి వెళ్ళమన్నాను గానీ, నోరు విప్పలేదు. పోయేదాకా అంతే, మూడేళ్ళు, ఆయన ఆ రొట్టె ముట్టుకోలేదు. తనది కాని తప్పుకి కట్ట మీద పార గుచ్చి వెళ్ళిపోయారు మహానుభావుడు, పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను నేను.

ఇప్పుడు ఆ రెండు వాటాల ఇల్లు లేదు, ఫ్లాట్లు లేచాయి. చెరువు చుట్టూ రంగు దీపాలు, ఐస్‌క్రీం బళ్ళు. “తిన్నవా బిడ్డా” అని అడిగే గుమ్మమే లేదు. మా మనవలు తెలుగు మాట్లాడతారు గానీ ఒక్క అక్షరం చదవలేరు. నోటుబుక్కు మాత్రం ఇల్లు మారిన ప్రతిసారీ నాతోనే వచ్చింది.

మొన్న గట్టు మీద నుంచి ఇంటికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ పేజీ సాపు రాశాను. ఇప్పుడు నా చెయ్యీ వణుకుతోంది, ముత్యాలేమీ లేవు. ఒక్క మాట కూడా వదల్లేదు. చదవాల్సిన ఇద్దరూ లేరు.