ఉల్లిపొర రంగు రాయి

మా మేనత్త పోయింది. తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే మామ ఫోన్ చేసి "మీ అత్త లేదప్పా" అని పెట్టేశాడు. నేను కర్నూలులో బస్సెక్కి తుగ్గలి పక్కనున్న వాళ్ల ఊరు చేరేసరికి ఎర్రచేలల్లో జనం నడుములు వంచి నేల వెతుకుతున్నారు. మా వైపు తొలి వానలకు మట్టి కొట్టుకుపోయి వజ్రాలు పైకి తేలుతాయని నమ్మకం. ఎక్కడెక్కడి వాళ్లో మూటాముల్లెతో దిగుతారు. చావింటి ముందర నుంచే పోతూ ఒకాయన ఇంకొకాయనను ఏమన్నా దొరికిందా అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. అత్త బతికుంటే తానూ అదే అడిగేదని తర్వాత గుర్తొచ్చింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా అత్త నోరు మంచిది కాదు, అయినా ఊరంతా ఆమెదే. పాలవాడితో, కండక్టరుతో, పక్కింటి కోళ్లతో కూడా తగువే. మామనైతే చొక్కా గుండీ ఊడినా తిట్టేది, ఊడకపోయినా తిట్టేది. సెలవులకు వెళ్లిన నన్ను తిడుతూనే సద్దరొట్టె మీద వెన్న పెట్టేది. "తిట్టేదాన్నే కదప్పా పెడతాండేది" అని నవ్వేది.

ఆ నోరు ఒకే ఒక్కసారి మూతబడింది. మామకు కంటి ఆపరేషన్ చేయించడానికి వచ్చి మా ఇంట్లో ఉన్నప్పుడు ఆమే చెప్పింది. ఉల్లిగడ్డలు ఒలుస్తూ, ఒక పొరను కిటికీ వెలుగుకు ఎత్తి చూపించి, "ఇదే రంగు" అంది.

కాపురానికి వచ్చిన కొత్తల్లో, ఒక తొలకరికి, చేలో ఆమెకు రేగ్గింజంత రాయి దొరికింది. రాయి దొరికినప్పుడు పొలంలో మాట్లాడకూడదని అక్కడి ఆనవాయితీ. దాన్ని దవడలో పెట్టుకుని, పలకరించిన వాళ్లకు బదులివ్వకుండా ఇల్లు చేరింది. భార్య మాట్లాడకపోయేసరికి మామ ముందు భయపడ్డాడట, దయ్యం పట్టిందేమోనని.

వజ్రమంటే తెల్లగా ఉండాలని వాళ్ల నమ్మకం. గులాబీ రంగుదయ్యేసరికి గాజుపెంకేమో అనుకున్నారు. అసలు వజ్రమైతే సమ్మెట దెబ్బకు చెక్కుచెదరదని ఊళ్లో పెద్దల మాట. మామ దాన్ని వాకిట్లో ఉన్న రోటి మీద పెట్టి సమ్మెటతో ఒక్క దెబ్బ వేశాడు. పొడి పొడి అయింది. గాజే అని మామ నవ్వాడు. అత్త కూడా నవ్వింది.

కొన్నాళ్లకు రాళ్లు కొనే సాయిబు ఊళ్లోకి వచ్చాడు. రోటి పగుల్లో ఇరుక్కున్న ఒక ముక్కను అత్త ఎవరూ లేనప్పుడు ఆయనకు చూపించింది. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూసి తల పట్టుకున్నాడు. తెల్లవి చూశాడు, పసుపువి చూశాడు, గులాబీది మాత్రం వాళ్ల తాత ఒక్కసారి చూశాడని వినడమే. వజ్రం గీతకు లొంగదు గానీ దెబ్బకు ఓర్చదని చెప్పాడు. అది నిలిచుంటే ఈ ఊరి చేలన్నీ కొన్నా ఇంకా మిగిలేదన్నాడు.

అత్త ఆయనను ఒక్కటే అడిగింది. "మా ఇంటాయనకు చెప్పొద్దు సాయిబన్నా. రాయి పాయె. మనిషినన్నా ఉండనీ."

దూడ చచ్చిపోతే అన్నం మానేసిన మనిషి మా మామ. అందుకే చెప్పలేదు. కానీ ఆ రాయి ఆమెను వదల్లేదు. ఎక్కడ సమ్మెట చప్పుడు వినిపించినా లోపలికి పోయి తలుపేసుకునేది. వాకిలి ఎవరినీ ఊడ్వనిచ్చేది కాదు. ఊడ్చిన మన్ను ఏళ్ల తరబడి జల్లెడ పట్టింది. గాజుముక్కలు కాళ్లకు గుచ్చుకుంటాయని మామతో చెప్పేది. "నిద్దట్లో నాలికతో దవడ తడుముకుంటానప్పా, ఈడే ఉండాదేమోనని" అంది నాతో. ఆ మాట నన్నూ పట్టుకుంది. ఇప్పటికీ అప్పుడప్పుడు నా నాలుక దవడ వైపు పోతుంది.

తర్వాత నేను చదివాను. గులాబీ వజ్రానికి రంగు వేరే ఏదో కలవడం వల్ల రాదట. భూమి లోపల ఒత్తిడికి రాయి లోపలి పొందికే వంగిపోయి ఆ రంగు పుడుతుందంటారు. ఆస్ట్రేలియాలో వాటిని ఎక్కువగా ఇచ్చిన గని కూడా మూతబడిందట, ఇక ఉన్నవే మిగిలినట్టు. ఇదంతా అత్తకు చెప్పాను. "భూమి నొక్కితే తట్టుకునింది, మీ మామ చేతిలో ఒక్క దెబ్బకు పాయె" అని పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. మామకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆమెను మట్టి చేసిన మర్నాడు నేనూ మామా అరుగు మీద కూర్చున్నాం. సన్నగా చినుకులు పడుతున్నాయి. మామ నా వైపు చూడకుండా అడిగాడు.

"ఒగ మాట చెప్పప్పా. ఆ పొద్దు నేను పగలగొట్టింది గాజేనా?"

ఒట్టు గుర్తొచ్చింది. "గాజే మామా. అత్త కూడా అదే చెప్పింది" అన్నాను.

మామ తల అడ్డంగా ఊపాడు.

"గాజైతే మీ అత్త నన్ను ఇడిసిపెడతాండెనా? బతికినన్నాళ్లు అన్నిటికీ తిట్టింది. దానికి మాత్రం ఒగ మాటన్నా అనలే."

మామ లేచి, చెప్పులు అరుగు మీదే విడిచి, తడిసిన వాకిట్లోకి దిగాడు. ఒక అడుగు వేసి ఆగిపోయాడు. రెండో కాలు ఎక్కడ మోపాలో తెలియక, దాన్ని కొంచెం పైకెత్తి పట్టుకుని, వానలో అలాగే నిలబడ్డాడు.