అనుకోకుండా కంటపడిన పద్నాలుగు తీగలు

ఏడేళ్ల కిందట, వానలు మొదలైన నెలలో, భిలాయి నుంచి కుమ్హారి వెళ్లే దారిలోని ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో నన్ను క్రేన్ల తనిఖీ రికార్డులకు వేశారు. హోదా సీనియర్ అసిస్టెంట్. నిరుడు స్వచ్ఛందంగా విరమించేదాకా అదే పని. పదో తరగతి తరువాత నాకు లెక్కలు ఎవరూ చెప్పలేదు; సొంతంగా నేర్చుకున్నాను.

క్రేను బరువు ఎత్తే ఇనుప తాడును ప్రతి సోమవారం చూడాలి. తాడులో ఒక పాయ పూర్తిగా ఒక చుట్టు తిరిగేంత పొడవును 'లే' అంటారు. ఆ పొడవులో తెగిన సన్న తీగలు పదికి చేరితే తాడు తీసెయ్యాలని మా మిల్లు నియమం. లెక్కపెట్టేవాడు సింహాచలం, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఖలాసీ, క్రేన్లకు తాళ్లు ఎక్కించి దించే పనివాడు. గుడ్డతో గ్రీజు తుడిచి అంకె చెప్పేవాడు. నేను రాసేవాణ్ణి.

రెండో నంబరు క్రేను మీద పదకొండు సోమవారాలు ఆ అంకె మూడు దాటలేదు. అంతకుముందున్న తాడు అదే పనిలో, అదే వయసుకు ఎనిమిది చూపించింది. చూసి సంతోషించాల్సిన అంకే గాని, నాకు నమ్మకం కుదరలేదు. సింహాచలానికి చెప్పాను. అతను తలెత్తి క్రేను వైపు చూశాడు.

"మద్దిన కప్పీ ఒకటుంది కదా బాబూ, అది తిరగదు. దాన్ని ఆనుకున్న ముక్క మనం ఎప్పుడు చూసేం?"

నిజమే. బరువును రెండు వైపులా సమానంగా పంచే ఆ కప్పీ కొద్దిగా ఊగుతుందే తప్ప తిరగదు. తాడులో అదే ముక్క రోజూ దాని గాడిలో నలుగుతుంది. చూడాలంటే కొక్కెం నేలకు దించి, తాడు వదులు చేసి పైకెత్తాలి. గంటన్నర క్రేను ఆగుతుంది. షిఫ్టు ఇన్‌చార్జి రెండుసార్లు కుదరదన్నాడు. మూడోసారి కాగితం మీద రాసి అడిగాను. ఆపాడు. తాడు ఎత్తి సింహాచలం లెక్కపెట్టాడు: పద్నాలుగు.

సేఫ్టీ అధికారి రిపోర్టు ఇంగ్లిషులో నా సంతకానికి వచ్చింది. శుభ్రం చేస్తుండగా ఒక కార్మికుడికి లోపం అనుకోకుండా కంటపడిందట. 'కేమ్ ఎక్రాస్' అని రాశాడు. యాదృచ్ఛికం కనుక మిగతా మూడు క్రేన్లకు ప్రత్యేక తనిఖీ అవసరం లేదన్నది చివరి వాక్యం. నాకు ఒళ్లు మండింది. ఆ మూడింటి కింద షిఫ్టుకు ఇరవై ఆరుగురు పనిచేస్తారు. సింహాచలం వాళ్లలో ఒకడు.

కాగితం పట్టుకుని వెళ్లాను. ఆ అధికారి మన తెలుగు కుర్రాడే, భిలాయిలో పుట్టినవాడు.

"అరే అంకుల్, పోనీ 'చాన్స్‌డ్ అపాన్' పెడతా, చలేగా? 'స్టంబుల్డ్ అపాన్' కూడా ఉంది."

వెతకకుండా దొరికినదానికి ఇంగ్లిషులో అన్ని మాటలున్నాయని ఆ రోజే తెలిసింది. వెతికినవాడికి ఒక్క మాట ఇవ్వడానికి మాత్రం అతనికి చేతులు రాలేదు. వెతికి కనిపెట్టారని రాయమన్నాను. అలా రాస్తే ఇన్నాళ్లు అక్కడ ఎందుకు చూడలేదని పైవాళ్లు అడుగుతారన్నాడు. అదీ అసలు సంగతి.

బయట నిలబడ్డ సింహాచలానికి ఆ మాటలన్నిటికీ అర్థం చెప్పాను, 'స్టంబుల్డ్' అంటే కాలికి తగలడమని కూడా.

"ఏటి, కాలికి తగిలి దొరికిందంటాడేటి? తాడు అంతెత్తునుంది, నా కాలు ఇక్కడుంది! మిగతా మూడింటికీ ఎవడి కాలు తగలాలంట?"

నేను సంతకం పెట్టలేదు. అది లేనిదే రెండో క్రేను మళ్లీ నడవదు. పాత తాడు పేజీ, పదకొండు వారాల పేజీ జతచేసి, మిగతా మూడూ చూసేదాకా పెట్టనని అదే కాగితం మీద రాశాను. నాలుగో రోజున మూడు క్రేన్లూ ఆపారు. రెండింటిలో ఏమీ లేదు. నాలుగో నంబరు తాడులో, అదే చోట, పన్నెండు.

రిపోర్టులో చివరి వాక్యం కొట్టేశారు. 'కేమ్ ఎక్రాస్' మాత్రం అలాగే ఉంచారు. దాని కింద సింహాచలం పేరు, అతను చూడమన్న చోటు రాసి సంతకం పెట్టాను.

ఏం దొరికిందో రాస్తే చాలదు. ఎవరు, ఎందుకు, ఎక్కడ వెతికారో రాయాలి. లేకపోతే తరువాత వచ్చే మనిషికి ఎక్కడ చూడాలో తెలియదు.