పోలరాజు పడుకుని చూసిన ఇళ్ళు

ఇల్లు కొనేవాళ్ళలో రకరకాలున్నారు. గోడలు వేళ్ళతో కొట్టి చూసేవాళ్ళు, కుళాయిలన్నీ తిప్పేవాళ్ళు, దిక్సూచి పట్టుకుని వంటగదిలో గిరగిరా తిరిగేవాళ్ళు. మా పోలరాజు మాత్రం పడుకుని చూస్తాడు.

పద్మారావు నగర్‌లో మిక్సీలు బాగుచేసే చిన్న కొట్టు అతనిది. బొబ్బిలి దగ్గర్నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడే జుట్టు నెరిపించుకున్నాడు. మధ్యాహ్నం భోజనం కాగానే షట్టర్ సగం దించి, చాప పరిచి, కునుకు తీస్తాడు. ఆ వేళ వచ్చిన గిరాకీకి అతని పాదాలే దర్శనమిస్తాయి. ఇల్లు కొనాలన్న బుద్ధి పుట్టగానే ఆ చాప స్కూటరెక్కింది.

"ఇదేం పద్ధతి పోలరాజూ?" అని అడిగాను.

"మా తాత స్తలం కొన్నప్పుడు ఆవుని తోలుకెళ్ళీవాడండి. అది పడుకుంటే బేరం, నేకపోతే నేదు. ఇప్పుడు ఆవునెక్కడ తెత్తాను బాబూ? అందుకే నానే పడుకుంతన్నాను."

ఆవు సంగతి పెద్దల నోట నేనూ విన్నదే. ఇంటి విషయంలో ఎవరి పిచ్చి వారికానందం. ఫిలిప్పీన్స్ పల్లెల్లో ఒకప్పుడు మకాం మార్చాలంటే ఊరంతా చేరి వెదురింటిని అలాగే భుజాలకెత్తుకుని మోసుకుపోయేవారట. అక్కడ పోలరాజు పడుకునుంటే నిద్రలోనే ఊరేగేవాడు. సరే, ఎక్కడికో పోతున్నాను.

మారేడ్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌లో పడుకున్నాడు. పైవాళ్ళు మంచం జరిపారు, లేచి వచ్చేశాడు. ఇంకోచోట ఎంత హాయిగా పట్టిందంటే దీపాలు పెట్టేదాకా లేవలేదు. ఆ ఇంటివాళ్ళు దుప్పటి కప్పారు, లేచాక టీ ఇచ్చారు, ఇంత మంచి ఇల్లని మాకే తెలీదు, ఇక అమ్మేది లేదన్నారు. మధ్యవర్తి భానుప్రకాశ్ ఇతను ఎదురైతే ఫోను చెవిన పెట్టుకుని పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

ఈలోగా అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. భార్య అప్పలకొండమ్మకి ఓపిక అయిపోయింది.

"నీకు ఇల్లు కాదు, మంచం కావాల. ఈ యాప్రాలుదే ఆకరు. ఇదీ కాదంటే నాను బొబ్బిలి ఎలిపోతాను. నువ్వు షట్టరు కింద కాపరం సేసుకో."

వాళ్ళ వెంట నేనూ ఆటో ఎక్కాను. కదిలే బండి కనిపిస్తే నా కాళ్ళు నేల మీద నిలవవు. యాప్రాల్ దాటాక ఒక పాత పల్లె. దూరంగా లేస్తున్న టవర్లు, ఇవతల గోడలకి పిడకలు. రెండు గదులు, రేకుల వరండా, పెరట్లో బట్టలుతికే బండ, దాని చుట్టూ ఇరుగుపొరుగు కోళ్ళు. ఇల్లుగల విమలమ్మ ఒంటరి మనిషి, వరంగల్‌లో అక్క దగ్గరికి పోతోంది.

"నాలుగు గొట్టంగ ఇంకో పార్టీ వస్తున్నరు. ముందుగాల ఎవరు సరే అంటే వాళ్ళకే ఇస్త," అంది. పోలరాజు చాప విప్పడం చూసి, "ఏందయ్యా, ఇల్లు కొననీకి వచ్చినవా, పండనీకి వచ్చినవా?" అంది.

"ముందు పడుకుంతానమ్మా. తరవాత కొంతాను."

అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. ఫ్యాన్ పెంచమన్నాడు, తగ్గించమన్నాడు. అప్పలకొండమ్మ అప్పటికే వంటింటి అరని కొంగుతో తుడిచేసి, పెరటి బండ మీద నీళ్ళు పోసి కడిగేసింది.

"పట్టిందేటి?" అంది లోపల్నుంచి.

"నేదే."

"కళ్ళు మూసుకో."

"మూసుకున్నాను. లోపల తెరుసుకునే ఉన్నాయి."

ఆమె వచ్చి పెరటి గుమ్మంలో గోడకి చేరబడింది. "నువ్వు పడుకో, కోళ్ళు రాకుండా నాను సూత్తాను" అంది. ఆ మాట పూర్తయిందో లేదో గురక వినిపించింది. పగలు నిద్రపోయేది దొంగలూ, నువ్వూ అని మొగుణ్ణి దెప్పే మనిషి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది.

పోలరాజు లేచి కూర్చున్నాడు. "ఏటండీ ఇది, నా పరీచ్చ అది రాసెత్తంది" అన్నాడు నెమ్మదిగా.

"మీ తాత తోలుకెళ్ళిన ఆవు స్థలం కొనేదా, పడుకునేదా?" అని అడిగాను.

"పడుకునీదండి. కొనీవాడు తాత."

"మరింకేం?"

పెళ్ళాం వైపు చూసి, నా చెవి దగ్గరికి వంగాడు. "నిజమే. కానీ ఈ ఆవు మాట దాని దగ్గరనకండి బాబూ."

అప్పుడే గేటు దగ్గర కారాగింది. కొలత టేపు పట్టుకుని ఒకాయన, ఫోన్‌లో గట్టిగా అరుస్తూ ఇంకొకాయన దిగారు. సరే అనడానికి పోలరాజు నోరు తెరిచాడు. అంటే ఆమె లేస్తుంది, అనకపోతే ఇల్లు పోతుంది. నోరు మూసుకుని, విమలమ్మ వైపు తిరిగి రెండు చేతులూ నెత్తి మీద ఊపాడు. ఇంటినీ, పెళ్ళాన్నీ, తన గుండెనీ వంతులవారీగా చూపించాడు.

విమలమ్మ అతన్ని చూసింది. పెరటి గుమ్మం వైపు చూసింది. చెప్పులు వదిలేసి గేటు దాకా వెళ్ళి, మూతి మీద వేలు పెట్టుకుంది.

"జెర మెల్లగ మాట్లాడుండ్రి. ఇంటామె పండుకున్నది."

"ఇల్లు చూద్దామని వచ్చినమమ్మా."

"చెప్తున్న గద. ఇంటోళ్ళు లోపల్నే ఉన్నరు."

కారు వెనక్కి పోయింది. పోలరాజు చాప చుట్టబోయి, చప్పుడవుతుందని ఆగాడు. పెరట్లోకి రాబోతున్న కోడిపుంజుని, ఒక్క మాటైనా అనకుండా, పైకండువాతో అదిలిస్తూ నిలబడ్డాడు.