ఏటి మధ్యలో ఆగిన కథ

నెలకో పుస్తకం చదవాలని జనవరిలో అనుకున్నాను. జూలై వచ్చింది. ఇవాళ మొదటి పుస్తకమే మళ్ళీ తెరిస్తే ముక్కిన వాసన గుప్పుమంది. అచ్చం మా నాయనమ్మ పెట్టెలోని పుస్తకాల వాసన.

నరసన్నపేటలో, చదువురాని నాయనమ్మకి రోజూ మధ్యాహ్నం నేనే కథలు చదివి వినిపించేదాన్ని. ఓ రోజు ఆటకి వేళయిందని, కథలో రాణి ఏట్లో కొట్టుకుపోతుండగా పుస్తకం మూసేశాను. నాయనమ్మ అదిరిపడింది.

"ఒసే, ఆయమ్మని నీల్లల్లో ఒగ్గేసి ఎలిపోతావేటే? ఒడ్డుకి సేర్సి ఎల్లు!"

కష్టంలో కథ ఆపకూడదన్నది ఆవిడ పట్టింపు. నేను చదివేదాకా రాణి నిజంగానే మునుగుతూ ఉంటుందనుకుని హడలిపోయాను. గట్టెక్కించాకే ఆటకి పరిగెత్తాను.

ఇంతకీ ఈ పుస్తకం ఎక్కడ ఆపానా అని చూసి నిర్ఘాంతపోయాను. పడవ బోల్తా పడింది. తల్లి ఒక చేత్తో దుంగని, ఒక చేత్తో బిడ్డని పట్టుకుని ఉంది.

ఆరు నెలలుగా అలాగే పట్టుకుని ఉంది.