ఎడమవైపు గారెలు

నన్ను పదిమంది ముందు కోతితో పోల్చి, ఇన్నేళ్ళయినా ఆ మాట వెనక్కి తీసుకోకుండానే, రేపల్లెలో మా పక్కింటి మాస్టారు గత మంగళవారం తెల్లవారుతుండగా కన్నుమూశారు. నిద్రలోనే పోయారు, అదృష్టవంతులు. నా కోపం మాత్రం నాకే మిగిలింది.

ఆ సంగతి జరిగింది తెనాలిలో, ఒక పెళ్ళి భోజనాల్లో. అంతకు ముందే నాకు పక్షవాతం వచ్చి తగ్గింది. కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి. కంటి డాక్టరు చూసి కళ్ళు బాగున్నాయన్నాడు. ఇక నాకేం? బంతిలో దర్జాగా కూర్చున్నాను. అందరూ గారెలు తింటున్నారు, నా ఆకులో లేవు. వడ్డించే మనిషిని పిలిచి కడిగేశాను.

“వేశాను కదా బాబాయ్.”

“ఎక్కడ వేశావు, నీ జేబులోనా?”

“మీ ఆకులోనే ఉన్నాయి. పులిహోర కూడా ముట్టుకోలేదు మీరు.”

ఆకులో కుడి సగం ఊడ్చి తిన్నాను. ఎడమ సగం ఒకటి ఉందనే తెలియలేదు. పక్కనున్న మాస్టారు నా ఆకు పట్టుకుని గిర్రున తిప్పారు. గారెలు ఎక్కణ్ణించో నా కళ్ళముందు ఊడిపడ్డాయి. వడ్డించిన ఆకు తిప్పడమేంటని పెళ్ళివారు నోరు తెరిచారు. ఆయన తాపీగా, “నీదీ మా గోడమీది కోతిదీ ఒకటే జబ్బోయ్” అన్నారు. బంతి మొత్తం నవ్వింది.

మాస్టారు బాపట్లలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. కరెంటు తీగ మీదనుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఆడకోతి ఒకటి ఆయన పెరటి గోడమీదికి వచ్చేది. చెరోవైపు ఒక అరటిపండు పెడితే కుడివైపుది తిని, ఎడమవైపుది వదిలేసి, ఇంకొకటి పెట్టమని ఆయనమీద పళ్ళికిలించేది.

తిరుగు రైల్లో వేమూరు దాటేదాకా ఆయనకు వీపు చూపించి కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టారు.

“కళ్ళు తెచ్చిందాన్ని మెదడు పట్టించుకోవాలోయ్. నీకు కుడిపక్క మెదడు దెబ్బతింది. ఎడమవైపు ఒకటుందన్న ధ్యాసే పోయింది. కోతికైనా అంతే, మనకైనా అంతే. లోటుందని కూడా తెలియదు.”

“నాకే లోటూ లేదు మాస్టారూ.”

“అదేగా నేను చెప్పేది.”

మర్నాడు గడ్డం గీసుకుని టీ కొట్టుకు వెళ్ళాను. “ఏంటి మావా, ఎడమ చెంప రేపటికి దాచావా?” అన్నాడు కొట్టువాడు. ఇంటికొచ్చి ముందే ఎందుకు చెప్పలేదని మా ఆవిణ్ణి అడిగితే, “చెప్తే వినే మనిషా మీరు?” అంది. నేరుగా మాస్టారి గుమ్మం ఎక్కి, ముందు మీరు క్షమాపణ చెప్పాలి, తర్వాతే నాకు వైద్యం అన్నాను.

“వైద్యం ముందు. అలక నీకు ఎటూ ఉంటుంది” అన్నారు.

నా కంచానికి ఎడమ అంచున ఎర్రగుడ్డ పెట్టించారు. తల తిప్పి ఆ గుడ్డ చూడందే ముద్ద నోట పెట్టకూడదు. కోతికీ పాఠమే. పండు చూపించి మెల్లగా ఎడమకు జరిపేవారు, తల తిప్పితే ఇచ్చేవారు. “ఇవాళ అది నీకంటే నయమమ్మా” అని నాకు వినబడేలా మా ఆవిడతో అనేవారు. ఆ కోతిమీద పంతంతోనే నేను బాగుపడ్డాను. ఇప్పుడు కంచం ఖాళీ చేస్తున్నాను, రోడ్డు దాటుతున్నాను, నా మీసం రెండువైపులా సమంగా ఉంది. ఆయన పుణ్యమే, కాదనను. కోతికి అంత నయం కాలేదు. మాస్టారు ఉన్నారు కనుక దానికి గడిచింది.

ఇక మా వీధి పెద్దలకు ఒక మాట. కోతులు పట్టేవాళ్ళను పిలిచారు. గుంపు మొత్తాన్ని దూరం తీసుకెళ్ళి అడవిలో వదులుతారట. వదలండి, మా ఇంటి పెంకులైనా మిగులుతాయి. ఆ ఒక్కదాన్ని ఉంచమంటే, “అన్ని కోతుల్లో దాన్నెలా గుర్తుపడతాం పెద్దాయనా?” అన్నారు. నేను చూపిస్తాను. అడవిలో ఎడమనుంచి ఏది మీద పడినా దానికి తెలియదు. పళ్ళు నేను పెడతాను, పాఠం కూడా నేనే చెబుతాను. ఆ పాఠం నాకంటే బాగా వచ్చినవాడు ఈ ఊళ్ళో లేడు.

వచ్చే శుక్రవారం మాస్టారి పెద్దకర్మ. పట్టేవాళ్ళు వచ్చేది ఆ మర్నాడు. ఆయన పెరటి తలుపు, కోతి గోడమీద కూర్చునే చోటికి ఎడమవైపున ఉంది. మంగళవారం నుంచి అది తల పూర్తిగా తిప్పి ఆ తలుపునే చూస్తోంది. ఉంచుతారో లేదో శుక్రవారం మధ్యాహ్నంలోగా నాకు చెప్పండి.