పై ట్రాకులో అమ్మ

మా తమ్ముడి పెళ్లి మా ఇంటి ముందే, పందిట్లో జరిగింది. అయినా పెళ్లి వీడియోలో అమ్మ ఎక్కడా లేదు. నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు. ముహూర్తం వేళ తను ఎదురుపడకూడదని అమ్మ తనంతట తానే పెరట్లో సరుకుల గది దగ్గర ఉండిపోయింది. పీటల మీద బాబాయి, పిన్ని కూర్చున్నారు. నేనేం ఊరుకోలేదు. ఆ పొద్దున నేను పెట్టుకున్న గొడవ పురోహితుడి మైకులో కూడా వినబడింది. చివరికి నా నోరు మూయించింది అమ్మే.

"నీ డిగ్రీ చదువు నీ దగ్గరుంచుకో. నా కొడుకు పెళ్లి సాఫీగా జరగనీ."

పదిహేను రోజుల తర్వాత మిక్సింగ్ చూద్దామని సత్తెనపల్లి స్టూడియోకి వెళ్లాను. గులాబీలూ హృదయం బొమ్మలూ ఎన్ని కుక్కుతాడో చూసి ఆపించాలని నా ఉద్దేశం. స్టూడియో ఆయన పనికిరాని ముక్కలు తీసేస్తుంటే ఒకచోట "ఆపండి" అని అరిచాను.

భోజనాల బంతులు తీయడానికి పెరట్లో స్టాండు మీద పెట్టిన రెండో కెమెరాను ఆపడం మరిచి ఆయన ముహూర్తానికి పరిగెత్తాడట. అది తన మానాన తను తీసుకుంటూ పోయింది. ఖాళీ బల్లలు. వెనక సరుకుల గదికి అడ్డంగా కట్టిన నీలం పట్టా, మేం కల్లంలో మిర్చి మీద కప్పేదే. గట్టిమేళం మోగగానే పట్టా వెనకనుంచి అమ్మ వచ్చి దాని ముందు నిలబడింది. అటూ ఇటూ చూసింది. కొంగు ముడి విప్పి అక్షింతలు తీసి, ఇంటికి అవతలున్న పందిరి వైపు విసిరింది. అవి ఖాళీ బల్లల మీద పడ్డాయి.

"ఈ ముక్కను జీలకర్ర బెల్లం పెట్టే చోట, దాని మీద పెట్టండి" అన్నాను.

కింద ట్రాకులో పెళ్లి ఉంచి, పై ట్రాకులో అమ్మను పెట్టి పలచన చేశాడు. అమ్మలోంచి పందిరి గుంజలు కనబడుతున్నాయి.

"ఏమయ్యా, మా అమ్మ బతికే ఉంది."

"పెద్దోళ్లు పైనుంచి దీవిస్తన్నట్టు అందరికీ ఇట్టాగే చేస్తామండి. మీ నాన్నగారి ఫొటో ఇట్టాగేగా పెట్టాను."

"ఆయన పోయాడు. ఈవిడ పోలేదు. నిండుగా పెట్టు."

"నిండుగా పెడితే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఈవిడ కింద పడి కనపడరు మేడం!"

తెప్పించిన టీ చల్లారేదాకా వాదించుకున్నాం. ఉన్నట్టుండి ఆయన తెర మీదకు వంగాడు.

"పట్టా నీలం రంగు గదండీ..." అంటూ ఏదో నొక్కాడు.

సినిమాల్లో నీలం తెర తీసేసినట్టు, అమ్మ వెనక నీలమంతా పోయింది. బల్లల్ని కత్తిరించి పారేశాడు. అమ్మ ఒక్కతే మిగిలింది, నిండుగా, పందిట్లో, కొడుకు పక్కన. చెయ్యెత్తి విసిరింది. అక్షింతలు మా తమ్ముడి తల మీద రాలాయి. నేను కళ్లు తుడుచుకుంటుంటే ఆయన మర్యాదగా అటు తిరిగి కీబోర్డు దుమ్ము తుడిచాడు.

ఇంటికొచ్చి సీడీ పెట్టాను. తనను తను చూసుకుని అమ్మ బిత్తరపోయింది.

"నేనెప్పుడొచ్చానే అక్కడికి? తీయించెయ్యి. కోడలి తరపు వాళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. కానీ అవసరం రాలేదు. పక్కనే కూర్చున్న మరదలు రిమోటు తీసుకుని, వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. అయిపోగానే ఇంకోసారి పెట్టింది.

మూడోసారికి అమ్మ టీవీ దగ్గరికి జరిగి కూర్చుంది.

"అన్నీ వాడి నెత్తినే పడ్డాయి. పిల్ల మీద ఒక్క గింజన్నా పడలేదు. నన్ను కొంచెం అటు జరపమనవే ఆయన్ని."

మర్నాడు పొద్దున్నే మళ్లీ సత్తెనపల్లి బస్సెక్కాను. ఎంత జరపాలో నాకు చెప్పడం రాదని అమ్మ కూడా వచ్చింది.