ఎక్కడో గాలి లాగుతోంది

అప్పట్లో నేను జగ్గయ్యపేట పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుని. ఊళ్ళలో రైతులు మాత్రం డాక్టరు గారూ అనే పిలిచేవారు. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి, తరవాత మానేశాను. ముక్త్యాల వైపు నుంచో, గరికపాడు వైపు నుంచో గేదె ఈనలేక అవస్థపడుతోందని కబురొస్తే వెంటనే బయల్దేరాలి. బస్సు కోసం నిలబడితే కుదరదు. అందుకని ఒక పాత మోటారు సైకిలు కొనుక్కున్నాను. నా దగ్గరికి వచ్చేసరికే అది ఇద్దరి చేతులు మారింది. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే రకం.

ఎండలు ముదరకముందే దానికో జబ్బు పట్టుకుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్టయి ఆగిపోయేది. వేడెక్కాక మాత్రం ఆగనంటే ఆగనని మొండికేసేది. యాక్సిలేటర్ పూర్తిగా వదిలేసినా ఇంజను రొద తగ్గేది కాదు. నాకు తెలియకుండా ఇంకెవరో తిప్పుతున్నట్టు పైపైకి పోయేది. బ్రేకు తొక్కిపట్టి ఎలాగో ఆపుకునేవాణ్ణి.

బస్టాండు రోడ్డులో రేకుల షెడ్డు వేసుకున్న ఒక మేస్త్రి ఉండేవారు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. రోడ్డు మీద పోయే బండి చప్పుడు విని, తల కూడా ఎత్తకుండా దానికి ఏం జబ్బుందో చెప్పేస్తారని చుట్టుపక్కల పేరు. నా బండిని మూడుసార్లు ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. మూడుసార్లూ ఒంగి, ఇంజను దగ్గర చెవి పెట్టి, కళ్ళు మూసుకుని, కార్బురేటర్ స్క్రూ ఒక పావు చుట్టు తిప్పి లేచారు.

"సరిపోయింది డాక్టరు గారూ, ఇంక పోయిరండి."

రెండు రోజులు బాగుండేది. మూడో రోజు మళ్ళీ అదే తంతు. నేను దానికి అలవాటు పడిపోయాను. ఈ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

మా ఆవిడ నందిగామలో ఒక హైస్కూల్లో సైన్సు టీచరు. రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. పరీక్షలప్పుడు ఒక రోజు ఆమె ఎక్కాల్సిన బస్సు రాలేదు. పరీక్ష హాల్లో డ్యూటీ. ఆలస్యమైతే సంజాయిషీ రాసివ్వాలి. ఇంటికి తిరిగొచ్చి, "మీ బండి మీద దింపుతారా?" అంది. ఒక్క క్షణం తటపటాయించాను. అయినా కిక్కు కొట్టాను.

చిల్లకల్లు దాటి హైవే ఎక్కేదాకా బాగానే ఉంది. ఆమె ఒకపక్కకి తిరిగి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అయిదారు మైళ్ళు పోయాక ఇంజను గొంతు మారింది. యాక్సిలేటర్ వదిలేశాను. బండి నెమ్మదించలేదు. రొద సన్నబడి, ఈల వేసినట్టు పైకి లేచింది. కాళ్ళ మధ్య నుంచి సెగ. మాడిన ఆయిలు వాసన.

"ఏంటండీ ఆ వాసన?" అంది వెనక నుంచి.

జవాబు చెప్పేలోపే కీచుమని ఒక అరుపు. వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి రోడ్డు మీద అడ్డంగా జారడం మొదలుపెట్టింది. అలాంటప్పుడు క్లచ్ పట్టుకుంటే చక్రం వదులుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా చెయ్యి కదల్లేదు. వెనక లారీ హారను ఆగకుండా మోగుతోంది, దగ్గరవుతోంది. తరవాత గుర్తున్నది కంకర. రోడ్డు పక్క కంకర నా చెంపకి గుచ్చుకోవడం, పక్కనుంచి లారీ గాలి విసురుతూ పోవడం.

లేచి చూస్తే ఆమె నాలుగు గజాల దూరంలో కూర్చుని ఉంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. ఏడవడం లేదు. చెయ్యి ఉండాల్సినట్టు లేదు.

సిమెంటు బస్తాల లారీ కొంచెం ముందుకెళ్ళి ఆగింది. డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. ఆవలి జిల్లా మనిషని మాటని బట్టి తెలిసింది.

"ఏం గాలే తమ్మీ, పానం ఉన్నది. లే, అక్కను ఎక్కించు. బండి నేను చూసుకుంట."

క్లీనరూ ఆయనా కలిసి నా బండిని బస్తాల మీదికి ఎక్కించారు. కేబిన్లో ఆమె నా భుజానికి ఆనుకుని కూర్చుంది. ప్రతి గతుకుకీ పళ్ళ బిగువున ఊపిరి పట్టేది. ఒక్కసారి మాత్రం, "డ్యూటీకి ఇంకెవర్నైనా వేస్తారు కదా?" అని అడిగింది. నందిగామ ఆసుపత్రి దాకా దించి, ఆ డ్రైవరు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మణికట్టు ఎముక రెండుచోట్ల విరిగింది. పిండికట్టు వేశారు.

రెండు రోజుల తరవాత బండిని ఒక ట్రాక్టరు మీద వేయించుకుని మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆయన హెడ్డు ఊడదీశారు. పిస్టను నిలువునా గీసుకుపోయి, అది ఆడే గొట్టానికి, బోరుకి, అతుక్కుని ఉంది.

"ఆయిలు తక్కువ కలిపారు" అన్నారు.

"కొలిచి కలిపా మేస్త్రి గారూ. ఎప్పుడూ కొలిచే కలుపుతా."

"మరి పిస్టను ఎందుకు పట్టేస్తదండి?" అంటూ అటు తిరిగి సామాన్ల డబ్బాలో ఏదో వెతకసాగారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులుగా లోపల దాచుకున్నదంతా ఆయన వీపు మీద కుమ్మరించాను. "మూడుసార్లు తెచ్చా మీ దగ్గరికి. మూడుసార్లూ బాగుందన్నారు. మా ఆవిడ లారీ కింద పడాల్సింది. మీ పేరు చూసి వచ్చినందుకు నాకు బుద్ధొచ్చింది." ఇంకా చాలా అన్నాను. రాయడానికి ఇష్టం లేని మాటలు కూడా అన్నాను.

ఆయన తిరగలేదు. భుజం కూడా కదల్లేదు. తాపీగా పానాలు ఏరుకుంటున్నారు. అప్పుడే షెడ్డు ముందు ఒక బస్సు గట్టిగా హారను కొట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆయన ఉలిక్కిపడలేదు.

పానా తీసుకుని ఇటు తిరిగి నా మొహం చూశారు. నాకు అర్థమైందని ఆయనకీ అర్థమైంది. పానా కింద పెట్టి బల్ల మీద కూర్చున్నారు.

"ఎప్పటినుంచి?" అన్నాను. పెదాలు స్పష్టంగా కదిపి అన్నాను.

"రెండేళ్ళు దాటింది. ఎడమ చెవి ముందే పోయింది. ఇప్పుడు కుడిది. లావు చప్పుళ్ళు ఎక్కడో దూరంగా తెలుస్తయి. సన్నవి తెలవవు. మొహం చూసి మాట పట్టుకుంటన్నా." అరచెయ్యి చాచి చూపించి, "ఇంజను మీద చెయ్యి పెడితే అదురు తెలుస్తది. దాన్ని బట్టే నెట్టుకొస్తన్నా. మీ బండిది నాకు అందలా" అన్నారు.

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే ఎవరొస్తరండి నా దగ్గరికి?"

నేను బయటికి వచ్చేశాను. బండిని నందిగామలో ఇంకెవరికైనా బాగుకి ఇవ్వాలనుకున్నాను. దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను, కానీ ఆ తిట్లలో మునుపటి పస లేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటోంది. చెయ్యి ఆపి విన్నది.

"ఆయనకి వినపడదు, సరే. మీకు వినపడుతుందిగా?"

నేను ఆమె గ్లాసులో నీళ్ళు పోశాను.

"మూడు వారాలుగా అది అరుస్తోంది. మీరు వీధి మలుపు తిరుగుతుంటేనే నాకు వంటింట్లోకి వినపడేది. ఎందుకు తోలారు? నన్నెందుకు ఎక్కించుకున్నారు?"

ఆమె ఎక్కువ కోప్పడే మనిషి కాదు. ఆ రాత్రి అన్నం సగంలోనే వదిలి పడుకుంది. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర తనే మొదలుపెట్టింది.

"యాక్సిలేటర్ మూసినా ఇంజను తిరుగుతోందంటే గాలి ఇంకో దారిన పోతున్నట్టు. కార్బురేటర్ దాటాక ఎక్కడో సందుంది. ఆ గాలితోపాటు పెట్రోలు రాదు. పెట్రోల్లోనేగా మీ ఆయిలు ఉండేది? అదీ రాదు. ఇంక వేడెక్కి పట్టేయక ఏం చేస్తుంది? నాకు బాగుచేశామని చెప్పొద్దు. గాలి ఎక్కడ పోతోందో చూపించండి."

"ఎలా చూపిస్తాం, గాలిని?"

"పొగ పెట్టి. మేస్త్రి గారికి కళ్ళు కనపడతాయిగా, ఆయన దగ్గరే చూద్దాం" అంది.

విజయవాడలో బోరు సాపు చేయించి కొత్త పిస్టను వేయించాక, ఒక ఆదివారం మధ్యాహ్నం షెడ్డుకి ఆమె కూడా వచ్చింది. మెడకి వేలాడేసిన పిండికట్టు చెయ్యి చూసి మేస్త్రి లేచి నిలబడ్డారు. కళ్ళు దించుకున్నారు. ఆమె ఆయన ఎదురుగా వెళ్ళి, తల ఎత్తేదాకా ఆగి, క్లాసులో చెప్పినట్టు నిదానంగా చెప్పింది. సంచీలోంచి అగరొత్తుల కట్ట తీసింది.

"పెట్రోలు దగ్గర నిప్పా అమ్మా?" అన్నారు మేస్త్రి.

భయపడాల్సిన పనే. ట్యాంకు ఊడదీసి రోడ్డవతల పెట్టి వచ్చారు. ఇంజనంతా గుడ్డతో పొడిగా తుడిచారు. తడి గోనెసంచి, ఇసక బకెట్టు దగ్గర పెట్టుకున్నాం. కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలుతో ఇంజను రెండు నిమిషాలు నడుస్తుంది. ఆ రెండు నిమిషాల్లో చూడాలి.

నేను కిక్కు కొట్టాను. ఆమె ఎడమ చేత్తో వెలిగించిన అగరొత్తిని కార్బురేటర్ దగ్గర పట్టింది. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళద్దాలు సర్దుకుని పొగ వైపే చూస్తున్నారు. కార్బురేటర్, ఇంజను కలిసే అతుకు పైభాగంలో పొగ తిన్నగా లేచింది. పక్కన కూడా అంతే. కింది వైపుకి తెచ్చేసరికి పొగ ఒక్కసారిగా వంగి, దారంలా సాగి లోపలికి పోయింది.

"ఆపండి!" అని అరిచారు మేస్త్రి. ఆ అరుపులో ఆనందం ఉందో భయం ఉందో చెప్పలేను.

కార్బురేటర్ ఊడదీసి అద్దం ముక్క మీద పెడితే, ఇంజనుకి ఆనే దాని అంచు రెండు చివర్లా వంగి ఉంది. ఏళ్ళ తరబడి వచ్చినవాడల్లా బోల్టులు బలం కొద్దీ బిగించడం వల్ల వంగింది. అద్దం మీద గరుకు కాగితం పరిచి, దాని మీద ఆ అంచుని రుద్దుతూ గంట సేపు కూర్చున్నారాయన. కొత్త ప్యాకింగ్ కత్తిరించి బిగించారు. స్టార్ట్ చేస్తే ఇంజను నెమ్మదిగా, పొందికగా ఆడింది. నేను ఊపిరి వదిలాను. ట్యాంకు తెచ్చి తగిలించి, వేడెక్కేదాకా నడవనిచ్చాం.

పది నిమిషాలకి రొద మళ్ళీ పైకి లేచింది.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మేస్త్రికి చప్పుడు తెలియదు, మా మొహాల్లో చూసే తెలుసుకున్నారు. ఇంజను మీద అరచెయ్యి పెట్టి, తీసేసి, ఆర్పేశారు. నేల మీదే చతికిలపడ్డారు.

"ఇంకోటి ఉంది" అంది మా ఆవిడ.

నేను ఈసారి నిజంగా విన్నాను. మళ్ళీ స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని, చుట్టూ చెవి పెట్టుకుంటూ తిరిగాను. ఎడమ పక్క మాగ్నెట్ మూత దగ్గర, రొద అడుగున, ఎవరో పళ్ళ సందున గాలి పీల్చినట్టు సన్నటి చప్పుడు. ఆయనకి వేలితో చూపించాను. అక్కడ పొగ పనికిరాదు, మూత లోపల తిరిగే మాగ్నెట్ చక్రమే దాన్ని చెదరగొడుతుంది. ఆయన మూత తీసి, చక్రం లాగి, వెనక ప్లేటు ఊడదీశారు. దాని వెనక వేలు పెట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నాకూ వాసన చూపించారు. పొడిగా ఉండాల్సిన చోట పెట్రోలు, ఆయిలు కలిసిన జిగట.

"ఇరుసు చుట్టూ ఉండే ఆయిల్ సీల్ అండి. వేడెక్కితే వదిలేస్తది. ఒకసారి బయటికి కక్కుతది, ఒకసారి గాలి లాగుతది" అన్నారు. సీలు బయటికి తీస్తే రబ్బరు ఎండిపోయి, గోరు పెడితే పెళుసుగా విరిగింది. కొత్తది వేసేసరికి పొద్దు వాలింది. ఈసారి అరగంట నడిపాం. యాక్సిలేటర్ వదిలిన ప్రతిసారీ రొద బుద్ధిగా కిందికి దిగింది.

"మేస్త్రి గారూ" అంది మా ఆవిడ వెళ్ళేముందు. "మీకు వినపడనందుకు నా చెయ్యి విరగలేదండి. మీరది దాచినందుకు విరిగింది. వచ్చినవాళ్ళకి చెప్పండి."

ఆయన తల ఊపారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతున్నప్పుడు, నేను నందిగామ దాకా తోలి చూడాలి. కిక్కు కొట్టబోతుంటే మేస్త్రి చొక్కా వేసుకుని వచ్చారు.

"వెనక నేను కూర్చుంటా."

వద్దన్నాను. వినలేదు. రెండు వేళ్ళు క్లచ్ మీదే ఉంచి తోలాను. మేం పడ్డ చోటు దగ్గరపడింది. వెనక ఒక లారీ వస్తోంది. యాక్సిలేటర్ వదిలాను. లోపల లెక్కపెట్టుకున్నాను, ఒకటి, రెండు. రొద దిగింది. బండి నెమ్మదించింది. లారీ మమ్మల్ని దాటి పోయింది.

"దిగిందా?" అని గట్టిగా అడిగారు వెనక నుంచి.

ఆయనకి కనపడేట్టు తల బాగా ఊపాను. నా భుజం మీద ఆయన పట్టు అప్పుడు వదులైంది.

ఆ వారం నుంచి ఆయన ప్రతి ఒక్కరికీ ముందే చెప్పడం మొదలుపెట్టారు, నాకు చెవులు పనిచెయ్యవు, ఎదురుగా నిలబడి చెప్పండి అని. కొంతమంది రావడం మానేశారు. నేను మానలేదు. ఇంజను చప్పుడు వినాల్సి వస్తే వచ్చినవాళ్ళనే వినమనేవారు. ఆయనకి తోడుగా కొన్ని సాయంత్రాలు నేనూ వెళ్ళి విన్నాను.

పిండికట్టు విప్పాక మా ఆవిడ మణికట్టు పూర్తిగా తిరగలేదు. బోర్డు మీద ఆమె రాత అప్పటినుంచి కొంచెం పైకి ఏటవాలుగా పోయేది. బండి మాత్రం ఎక్కలేదు. బస్సు రాకపోతే సెలవు పెట్టేది గానీ నన్ను అడిగేది కాదు. నేనూ రమ్మనలేదు.

వానాకాలంలో ఒక రోజు వీరులపాడులో తనతో పనిచేసే టీచరు తండ్రి పోయారు. పలకరించడానికి వెళ్ళాలి. నందిగామ నుంచి ఆ పూటకి బస్సు లేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ గుమ్మంలో నిలబడి బండి వంక చాలాసేపు చూసింది.

"స్టార్ట్ చెయ్యండి" అంది. చేశాను. "వేడెక్కనివ్వండి." పది నిమిషాలు అలాగే నిలబడి, తల కొంచెం వంచి విన్నది. "ఇప్పుడు వదలండి." వదిలాను. రొద దిగింది. ఇంకోసారి వదలమంది. ఇంకోసారి.

అప్పుడు వచ్చి ఎక్కి కూర్చుంది. కుడి చేత్తో పట్టు చిక్కక, ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకుంది. నందిగామ దాటేదాకా ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. వింటూనే ఉన్నాం.